నాన్న వేసిన అతుకు

ఇంటి నుంచి,
సోమవారం

అక్కా,

ఈ ఉత్తరం నీకంటే ముందు చదివే మేడమ్ గారికి నమస్కారాలు. పోయిన ఉత్తరంలో రెండు వరుసలు నల్ల సిరాతో కొట్టేశారని రాశావు. ఆ రెండు వరుసలూ మా అత్తగారి గురించి. ఆవిడ సణుగుడు జైలు భద్రతకి ముప్పు తెస్తుందని నాకు తెలియదు.

సంగతేమిటంటే, మా క్రైమ్ సీరియల్ వందో ఎపిసోడ్‌కి వచ్చింది. ఇన్నాళ్ళూ వారానికో శవం చొప్పున రాసుకుంటూ వచ్చాను. గొంతులు నులిమాను, నీళ్ళ ట్యాంకులో ముంచాను, పోయిన వారం ఒక పళ్ళ డాక్టర్ని అతని కుర్చీలోనే కట్టేసి అతని డ్రిల్లుతోనే చంపాను. ఇప్పుడు మా డైరెక్టర్‌కి భక్తి పుట్టింది. వందో ఎపిసోడ్ పాత సస్పెన్స్ సినిమాలకి దణ్ణం పెట్టినట్టు ఉండాలట. నలుపు తెలుపులో తీస్తాడట. మెట్ల మీద నీడలు, తలుపు సందులోంచి కనిపించే బూట్లు, ఎత్తితే ఎవరూ మాట్లాడని ఫోను, అన్నీ కావాలట. "చిన్నప్పుడు మిమ్మల్ని బాగా భయపెట్టిన సినిమా ఒకటి చెప్పండి, దాని చుట్టూ అల్లుదాం" అన్నాడు.

నా నోటికి ఆ సినిమాయే వచ్చింది. ఏదో నీకు తెలుసు. నాన్న ఆపరేటర్‌గా ఉన్న హాల్లో, ప్రొజెక్టర్ గదిలో, చిన్న కిటికీకి తలలు ఆనించి మనిద్దరం చూసింది. మిషన్ చప్పుడులో ఒక్క మాటా వినపడేది కాదు. అందులో భార్య ఇస్త్రీ పెట్టెతో మొగుణ్ణి చంపుతుంది.

అన్నాక నాలుక కరుచుకున్నాను. బావ పోయిందీ ఇస్త్రీ పెట్టెతోనే, నువ్వు ఎనిమిదేళ్ళుగా ఆ గోడల మధ్య ఉన్నదీ అందుకే. నీకు కష్టంగా ఉంటే ఒక్క ముక్క రాయి, వేరే సినిమా వెతుక్కుంటాను. పరవాలేదనుకుంటే సీను సీనుగా గుర్తున్నంత రాసి పంపు. కాపీ కోసం డైరెక్టర్ మనుషులు వెతుకుతున్నారు కానీ దొరకడం లేదు. ఇంకొకటి, అడగకూడనిదే అడుగుతున్నాను. ఆ క్షణం ఎలా ఉంటుంది? మా నటి నన్ను చంపుకుతింటోంది.

నీ పిచ్చుక బాగుంది. ల్యాబ్‌లో ఉద్యోగం పర్మనెంటు అయింది. రోజంతా జనం చేతుల్లోంచి రక్తం లాగి సీసాల్లో నింపుతుంది, ఇంటికొచ్చి టమాటా కోయమంటే మొహం చిట్లిస్తుంది. "అమ్మని చూడ్డానికి వెళ్తాను" అని మళ్ళీ అడిగింది. నువ్వు వద్దన్నావనే చెప్పాను. పద్నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు వద్దన్నావంటే అర్థముంది. ఇప్పుడు దానికి ఇరవై రెండు. కన్నకూతుర్ని ఉత్తరం కూడా రాయనివ్వని తల్లిని నిన్నే చూశాను.

నీ చెల్లి


జైలు, మహిళల విభాగం,
ఆదివారం

ఏమే చిన్నదానా,

నాకు కష్టమేమిటి. వారం వారం నీ సీరియల్ ఇక్కడ అందరం కూర్చుని చూస్తాం. హత్యలు చేసి వచ్చినవాళ్ళు వరసగా కూర్చుని నీ హత్యలకి మార్కులు వేస్తుంటారు. మరిదిని గొడ్డలితో నరికి వచ్చిన పెద్దావిడ ఒకావిడ ఉంది. "అంత తొందరగా చావరే, ఈ రాసేదానికి ఎవరైనా చెప్పండే" అని ప్రతివారం గొణుగుతుంది. ఆ విషయంలో ఇక్కడ ఆవిడ మాటకి తిరుగులేదు.

మొన్న వంటశాలలో గొడవైంది. సబ్బు ముక్క దగ్గర మొదలైంది. ఒకత్తె ఇంకొకత్తె జుట్టు పట్టుకుని మొహాన్ని వేడి పెనానికి అదిమింది. చర్మం పెనానికి అంటుకుని ఊడొచ్చిన చప్పుడు మీ స్టూడియోవాళ్ళు ఏం కొట్టినా రాదు. వాసన మర్నాటి దాకా పోలేదు. నేను గంటె పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా జోలికి ఎవరూ రారులే. మొగుడి తల పగలగొట్టిందన్న పేరు ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఇక సినిమా. వంటగదిలో ఆవిడ ఇస్త్రీ చేస్తుంటుంది. వాడు తాగి వస్తాడు. చొక్కా మీద మడత చూపించి చెంప పగలగొడతాడు. జుట్టు పట్టుకుని బల్లకేసి మోదుతాడు, మళ్ళీ మోదుతాడు. పెదవి చిట్లి తెల్ల చొక్కా మీద నల్ల చుక్క పడుతుంది. ఆ చుక్క చూసి వాడు ఇంకా రెచ్చిపోతాడు. ఆవిడ చెయ్యి బల్ల మీద తడుముకుంటూ పోయి ఇస్త్రీ పెట్టె పిడి అందుకుంటుంది. చెయ్యి పైకి లేస్తుంది. అక్కడ తెర మీద ఒక్క కుదుపు, గుర్తుందా. వెంటనే వాడు నేల మీద పడి ఉంటాడు. పైన వేలాడే బల్బు ఊగుతుంటుంది, నీడలు గోడల మీద అటూ ఇటూ పాకుతుంటాయి.

దెబ్బ మనం ఎప్పుడూ చూడలేదు. మొదటి ఆటలోనే రీలు మిషన్‌లో ఇరుక్కుని సరిగ్గా ఆ ముక్కే కాలిపోయింది. కింద జనం ఈలలేస్తూ కుర్చీలు చింపుతుంటే, నాన్న వేళ్ళు కాల్చుకుంటూ కాలిందంతా కత్తిరించి, రెండు కొసలూ అతికించి మళ్ళీ నడిపించాడు. మన ఊరు ఊరంతా ఆ సినిమాని అతుకుతోనే చూసింది.

ఆ క్షణం ఎలా ఉంటుందన్నావు. కోర్టులో చెప్పిందే నీకూ చెప్తాను. చెయ్యి లేచింది. చూసేసరికి పడి ఉన్నాడు, పైన బల్బు ఊగుతోంది. మధ్యలో ఏమీ లేదు. మీ నటికి ఏమీ ఉండదనే చెప్పు.

పిచ్చుక ఇక్కడికి రానక్కర్లేదు. దానితో టమాటాలు కోయించు.

అక్క


ఇంటి నుంచి,
గురువారం

అక్కా,

నీ ఉత్తరం పుణ్యమా అని స్క్రిప్టు రెండు రోజుల్లో అయిపోయింది. షూటింగ్ కూడా సగమైంది. నువ్వు చెప్పినట్టే వంటగది సెట్టు, వేలాడే బల్బు, బల్ల. చక్కెర పాకంలో సిరా కలిపి రక్తం చేశారు. తల పగిలే చప్పుడు కోసం గుమ్మడికాయల్ని సుత్తితో బాదారు. సౌండు కుర్రాళ్ళ ఒళ్ళంతా గింజలే.

మన పిచ్చుక నిన్న డైరెక్టర్‌కే పాఠం చెప్పింది. నలుపు తెలుపులో రక్తం ఎంత చిక్కగా కనిపించాలో మేకప్ ఆయనకి అంతుపట్టలేదు. మా ఇంట్లో రోజూ రక్తం చూసే మనిషి ఉందని దాన్ని తీసుకెళ్ళాను. పాకంలో కొంచెం నీళ్ళు పోయించింది, సరిపోయింది. తర్వాత చంపే సీను మొదలైంది. నటి ఇస్త్రీ పెట్టెని ఒంటి చేత్తో గిర్రున తిప్పి కొట్టింది. డైరెక్టర్ శభాష్ అన్నాడు.

"అలా లేవదండీ" అంది పిచ్చుక మూల నుంచి. "బరువుంటుంది. రెండు చేతులతో ఎత్తాలి. వైరు లాగేస్తుంది, ప్లగ్గు ఊడేదాకా పైకి రాదు. మొదటి దెబ్బ తల మీద పడదు, భుజం మీద పడుతుంది. అప్పుడాయన వెనక్కి తిరిగి చూస్తాడు. తిరిగాక రెండోది తల మీద పడుతుంది."

సెట్టులో అందరూ దానివైపే చూశారు. డైరెక్టర్ నాతో, "మీకిచ్చే జీతం దండగండీ, ఈ అమ్మాయిని పెట్టుకోవాల్సింది" అన్నాడు. అది చెప్పినట్టే తీశాం. మానిటర్‌లో రెండోసారి చూడలేక బయటికి వచ్చేశాను, అంత బాగా వచ్చింది. ఈ వంద ఎపిసోడ్లలో నేను రాసిన ఏ హత్యా అంత నిజంగా లేదు.

ఇంటికొచ్చాక పిల్ల అన్నం ముట్టుకోలేదు. తలనొప్పి అంది. లైట్ల వేడి దానికి అలవాటు లేదు మరి.

నీ చెల్లి


జైలు ఆసుపత్రి

చెల్లీ,

పిచ్చుకని ఇంకొక్కసారి ఆ సెట్టుకి తీసుకెళ్ళావంటే నీకూ నాకూ మాటల్లేవు. నీకు బుద్ధుందా? తండ్రి అలా పోయిన పిల్లకి ఆ సీను చూపిస్తావా? దాని మాటలు పట్టుకుని తీస్తావా? అది ఆ రోజు బడిలో ఉంది. నీకూ తెలుసు, పోలీసులకీ తెలుసు, బడివాళ్ళే వచ్చి చెప్పారు. దానికి ఏమీ తెలియదు. ఎక్కడో టీవీలో చూసి వాగింది. ఆ దెబ్బల ముక్క తీసి పారేయి. మళ్ళీ చెప్తున్నాను, తీసి పారేయి.

అక్షరాలు వంకర పోతున్నాయి, ఏమనుకోకు. పెనం గొడవలో చూసింది చెప్పమని జైలరు అడిగితే చెప్పాను. చెప్పినందుకు ఆ పెనం మనిషి జతగత్తెలు నన్ను స్నానాల గదిలో పట్టుకున్నారు. ఇద్దరు చేతులు విరిచి పట్టుకుంటే మూడోది గంటె కాడతో పొడిచింది. మొగుణ్ణి చంపినదాన్నన్న పేరు ఈసారి పనికిరాలేదు. ఎడమ కన్నుకి కట్టు కట్టారు. చూపు రాదని డాక్టర్ పక్కావిడతో చెప్తుంటే విన్నాను.

ఈ ఉత్తరం పిచ్చుక కంటపడకూడదు.

అక్క


ఇంటి నుంచి,
బుధవారం

అక్కా,

నీ కన్ను సంగతి చదివాను. జైలుకి ఫోన్ చేస్తే బాగానే ఉందన్నారు. ఏం బాగో వాళ్ళకే తెలియాలి. ఉత్తరం బీరువాలో బట్టల అడుగున దాచాను.

నేను ఎపిసోడ్ గురించే రాస్తున్నాను. మేడమ్ గారు కూడా కథ అనుకునే చదవాలని కోరుకుంటున్నాను.

సినిమా కాపీ దొరికింది. అతుకు లేనిది. నాన్న కత్తిరించిన ముక్క ఇన్నేళ్ళకి చూశాను. అందులో ఆవిడ ఒంటి చేత్తో, ఒకే ఒక్క దెబ్బ నుదుటి మీద కొడుతుంది. వాడు బల్బుని తగులుకుంటూ పడతాడు. అంతే. భుజం లేదు. రెండు చేతులు లేవు. వెనక్కి తిరిగి చూడటం లేదు.

అక్కడి నుంచి నా కథలో ఒక చిక్కు వచ్చిపడింది. మా ఎపిసోడ్‌లో భార్య కోర్టులో నిలబడి చెప్తుంది: చెయ్యి లేచింది, చూసేసరికి పడి ఉన్నాడు, పైన బల్బు ఊగుతోంది. కానీ ఆవిడ వంటగదిలో వేలాడే బల్బే లేదు. గోడకి ట్యూబ్‌లైట్ ఉండేది, ఆవిడ చెల్లెలే కొనిచ్చింది. శవాన్ని కోసిన డాక్టర్ భుజం ఎముక కూడా విరిగిందంటాడు. లాయరు భుజం సంగతి అడిగితే ఆవిడ గుర్తులేదంటుంది. చెల్లెలు అదే కోర్టులో కూర్చుని అంతా విని, పాపం అక్కకి మతిపోయిందనుకుంటుంది. చిన్నప్పుడు ఒకే కిటికీలోంచి చూసిన సినిమాని అక్క అతుకుతో సహా అప్పజెప్తోందని ఆ మొద్దు మొహానికి తట్టదు.

చూసేవాళ్ళు అడగరా? ఈవిడ అసలు ఆ దెబ్బలు చూసిందా? చూడకపోతే ఇంకెవరు చూశారు? మొదటిది భుజం మీద పడిందని ఎవరికి తెలుస్తుందో వాళ్ళే ఆ గదిలో ఉన్నారు. ఆ మూడో మనిషి ఇన్నాళ్ళూ నా బల్ల దగ్గరే కూర్చుని అన్నం తింటోంది, నేనే గమనించలేదు. ఆ పాత్రని ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.

నీ చెల్లి


జైలు, మహిళల విభాగం,
ఆదివారం

చిన్నదానా,

నీ కథ మిగిలిన కంటితో మళ్ళీ మళ్ళీ చదివాను. బాగా రాశావు. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. అందుకే కొట్టేయి.

ఆ భార్య గురించి నాకు తోచింది చెప్తాను. వాడి బొటనవేళ్ళు రెండూ ఆవిడ మెడ గుంటలో ఉన్నాయనుకో. చెవుల్లో ఈల. కళ్ళ ముందు ఎర్రగా, తర్వాత నల్లగా. కాళ్ళు తనవి కావు. కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయి ఉంది, ఎదురుగా నిలబడ్డది కనిపించింది. ఆలోచించుకోవడానికి ఆవిడకి వ్యవధి ఎక్కడిది? నేల మీద ఇస్త్రీ పెట్టె ఉంది. దాన్ని చూస్తే ఒక సినిమా గుర్తొచ్చింది, అదే చెప్పింది. బల్బు అలవాటుగా వచ్చేసింది. కోర్టులో ఒక్కడూ ఆ ఇంటి పైకప్పు వైపు చూడలేదు, ఆవిడ అదృష్టం.

నాన్న ఆ ముక్క ఎందుకు కత్తిరించాడో నీకు గుర్తులేదు, చిన్నపిల్లవి. నేనడిగాను. కాలిన ముక్క అందులో ఉంటే మిగతా సినిమా నడవదమ్మా అన్నాడు. ఇంకా ఎన్నో రీళ్ళు డబ్బాల్లో ఉన్నాయన్నాడు. నాన్న వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి, అమ్మ నెయ్యి రాస్తోంది, ఆయన మాత్రం ఆట ఆగలేదని సంతోషంగా ఉన్నాడు. నాకూ అలాగే ఉంది. కన్ను పోయినా సంతోషంగానే ఉంది. దాని రీళ్ళు దానికి నడుస్తున్నాయి. ఉద్యోగం పర్మనెంటు అయింది.

మూడో మనిషి లేదు. ఆ ముక్క తీసేసి, నాన్న వేసినచోటే అతుకు వెయ్యి. ఈ జన్మకి నిన్ను ఇంకేమీ అడగను.

అక్క


ఇంటి నుంచి,
శనివారం

అక్కా,

తీసేశాను. డైరెక్టర్ గిలగిల్లాడాడు, అంత బాగా వచ్చిన ముక్క తీసేయడమేమిటన్నాడు. నాన్న హాలు కథ చెప్పాను. పాత సినిమాకి దణ్ణం పెడితే అతుకుతో సహా పెట్టాలన్నాను. ఆయనకి నచ్చింది. ఇప్పుడది తన ఆలోచనేనని అందరికీ చెప్పుకుంటున్నాడు. ఎపిసోడ్ నిన్న వచ్చింది, మీరంతా చూసే ఉంటారు. మరిదిని నరికినావిడ ఎన్ని మార్కులు వేసింది?

పిచ్చుక నా పక్కనే కూర్చుని చూసింది. చెయ్యి లేచింది, కుదుపు, వాడు పడి ఉన్నాడు, బల్బు ఊగింది. లేచి టీవీ కట్టేసింది.

"నేను చెప్పినట్టు తీశారు కదా పిన్నీ. ఆ ముక్క ఏది?"

"బాగా రాలేదని తీసేశారే."

"అమ్మ తీసేయమందా?"

నాకు అబద్ధాలు రాయడం వచ్చు, చెప్పడం రాదు. నా మొహం చూసి నేరుగా బీరువా దగ్గరికి వెళ్ళింది. నీ ఉత్తరాలు, నేను నీకు రాసినవాటి చిత్తుకాగితాలు, అన్నీ నేల మీద పరుచుకుని చదివింది. ఆసుపత్రి నుంచి రాసింది మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఏడవలేదు. "ఎడమ కన్నా" అని మాత్రం అడిగింది.

బతిమాలాను. అరిచాను. ఒక్కసారి చెయ్యి కూడా చేసుకున్నాను, జీవితంలో మొదటిసారి. అమ్మ ఇన్నేళ్ళూ దేనికోసం పోగొట్టుకుందో ఆలోచించమన్నాను. "దాని గురించి ఆలోచించని రోజు ఒకటి ఉంటే బాగుండేది పిన్నీ" అంది చెంప తడుముకుంటూ.

ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని రాస్తోంది. ఇదే కవరులో పెట్టమంది. పెట్టకపోతే తనే ఇంకో కవరు కొనుక్కుంటుంది. నువ్వు అడిగిన ఒక్కటీ చెయ్యలేకపోయాను అక్కా. దాన్ని ఆపే హక్కు నీకుందేమో తెలియదు, నాకు మాత్రం లేదు.

నీ చెల్లి


ఇంటి నుంచి,
అదే రోజు

ఉత్తరాలు చదివే మేడమ్ గారికి,

కవరు మీద అమ్మ చిరునామా ఉన్నా ముందు మీరు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ముందు ఉత్తరాల్లో ఉన్నది కథ అన్నారు. ఇది కథ కాదు.

ఆ రోజు భోజనం బెల్లు కొట్టాక, జామెట్రీ బాక్సు మరిచిపోయానని ఇంటికి వచ్చాను. బడి మా వీధి చివరే. వెనక గుమ్మం నుంచి వచ్చాను. నాన్న అమ్మని బల్ల మీద వెల్లకిలా పడేసి రెండు చేతులతో మెడ నొక్కుతున్నాడు. అమ్మ కాళ్ళు కొట్టుకోవడం అప్పుడే ఆగిపోయింది. ఒక చెప్పు జారి నేల మీద పడింది. అమ్మ జబ్బ మీద ఆయన కొత్తగా పెట్టిన వాత పొంగి ఉంది. ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగానే ఉంది.

ఒంటి చేత్తో లేవలేదు. రెండు చేతులతో లాగితే వైరు సాగి ప్లగ్గు ఊడింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఎముక విరగడం విన్నాను. నాన్న వెనక్కి తిరిగి "నువ్వా" అన్నాడు. నవ్వాడు. అమ్మ మెడ మీంచి ఒక చెయ్యి తీశాడు, ఇంకో చెయ్యి తీయలేదు. రెండో దెబ్బ తల మీద కొట్టాను. పడిపోయాడు. పడ్డాక ఇంకోటి కొట్టాను. ఆ చివరిది అమ్మని కాపాడ్డానికి కాదు. అది కూడా రాసుకోండి.

అమ్మకి కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. లేచి, మాట రాని గొంతుతోనే నా మొహం, చేతులు కడిగింది. ఉతికిన యూనిఫాం తొడిగింది. జామెట్రీ బాక్సు చేతిలో పెట్టి వెనక గుమ్మం నుంచి పంపేసింది. మధ్యాహ్నం లెక్కల పరీక్ష రాశాను. నూటికి ఎనభై వచ్చాయి.

మా అమ్మ ఆ దెబ్బలు చూడలేదు. చూడలేదు కాబట్టే సినిమాలోంచి తెచ్చి చెప్పింది. ఈ ఉత్తరం మీ పైవాళ్ళకి చూపించండి, నకలు నేను రేపు పోలీస్ స్టేషన్‌లో ఇస్తున్నాను. పిన్ని ఉత్తరంలో రెండు వరుసలు కొట్టేశారట. ఇందులో ఒక్కటి కూడా కొట్టేయకండి.

అమ్మా,

కోప్పడకు. నువ్వు చేతులు కాల్చుకుని నడిపించిన ఆ రీళ్ళలో నేను లేనమ్మా. నేను ఆ ముక్కలోనే ఉండిపోయాను. ఆదివారం వస్తున్నాను. ములాఖత్ గదిలో ఇనుప జాలీకి ఏ వైపున నిలబడాల్సి వచ్చినా, నీ కుడి కంటికి ఎదురుగా నిలబడతాను.

పిచ్చుక